ఫార్మసీ తనిఖీ: ఖాళీ పుస్తకం చెప్పే సంగతి

(బ్రిటన్‌లో ఫార్మసిస్టులుగా రిజిస్టర్ కావడానికి శిక్షణ పొందుతున్న తెలుగువాళ్ల సమావేశంలో ఒక కమ్యూనిటీ ఫార్మసిస్టు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా? సరే.

మీలో చాలామంది ఇండియాలో ఫార్మసీ చదివి, ఇక్కడికొచ్చి ఓస్పాప్ (విదేశాల్లో చదివిన ఫార్మసిస్టులు ఇక్కడ చేయాల్సిన కోర్సు) పూర్తి చేసి, ఇప్పుడు ఏడాది ఫౌండేషన్ శిక్షణలో ఉన్నారు. పరీక్ష గట్టెక్కితే వచ్చే ఏడాది ఈపాటికి ఏదో ఒక ఫార్మసీలో గోడ మీద మీ పేరు ఉంటుంది, 'రెస్పాన్సిబుల్ ఫార్మసిస్ట్' అని. అలా మీరు బాధ్యతలో ఉన్న ఒక రోజు తలుపు తోసుకుని ఒకరు లోపలికొచ్చి, కార్డు చూపించి, ఫార్మసీలనీ ఫార్మసిస్టులనీ నియంత్రించే జనరల్ ఫార్మస్యూటికల్ కౌన్సిల్ నుంచి తనిఖీకి వచ్చానంటారు. ముందు ఫోన్ రాదు, ఉత్తరం రాదు. 2019 నుంచి మామూలు తనిఖీలు చాలావరకు చెప్పకుండానే జరుగుతున్నాయి. ఆ నివేదికను ఎవరైనా చదువుకునేలా వెబ్‌సైటులో పెడతారు. మీ దగ్గర మందు తీసుకునే పెద్దావిడ మనవడు కూడా చదవొచ్చు.

నా విషయంలో అది మంగళవారం. ఉదయం పదింబావు. ఆ ఫార్మసీ పేరు చెప్పను, ఊరు కూడా చెప్పను. నేను అక్కడ చేరి ఎనిమిది నెలలైంది. కౌంటర్ దగ్గర ఐదుగురు నిలబడి ఉన్నారు, ఫోన్ మోగుతోంది. ఇన్‌స్పెక్టర్ కార్డు చూపించి, "మీ పని మీరు చూసుకోండి, నేను ఇక్కడ నిలబడతాను" అని గోడ పక్కన నిలబడ్డారు. దాదాపు ఇరవై నిమిషాలు ఆవిడ ఒక్క కాగితం కూడా అడగలేదు.

ఆ ఇరవై నిమిషాల గురించి మీకు ముందుగా చెప్పాలి. ఎందుకంటే తనిఖీ అనగానే మనకి ఫైళ్లు గుర్తొస్తాయి. అల్మారాలో ఎస్‌ఓపీల (ఏ పని ఎలా చేయాలో రాసిపెట్టిన పద్ధతుల) ఫైలు ఉంది, అందరి సంతకాలూ ఉన్నాయి, ఇంకేం కావాలి అనుకుంటాం. ఆవిడ చూసింది వేరే. మందుల సంచీ ఇచ్చేటప్పుడు మా కౌంటర్ అమ్మాయి "మీరు మిసెస్ ఫలానా కదా?" అని అడుగుతోందా, లేక "మీ పేరు, అడ్రస్ చెప్పండి" అని వాళ్ల నోటితోనే చెప్పిస్తోందా అన్నది చూశారు. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. చెవులు సరిగ్గా వినిపించని మనిషి మొదటి ప్రశ్నకి అవునని తలూపేస్తారు. అంతే, ఒకరి మందు ఇంకొకరి ఇంటికి పోయింది. మా ఎస్‌ఓపీలో రెండో పద్ధతే రాసి ఉంది. ఆ రోజు కౌంటర్లో జరిగింది మొదటిది. ఆవిడ నోట్‌బుక్‌లో ఏదో రాసుకున్నారు.

గోడ మీది నోటీసు చూశారు. అందులో నిన్నటి ఫార్మసిస్టు పేరు అలాగే ఉంది. పొద్దున నేను రికార్డులో సైన్ ఇన్ అయ్యాను గానీ బోర్డు మార్చలేదు. చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ ఆ క్షణంలో ఆ షాపులో జరిగే ప్రతి అమ్మకానికీ ఎవరు బాధ్యులో జనానికి చెప్పే కాగితం అదొక్కటే. 2009 అక్టోబరు నుంచి ఇది చట్టం. బాధ్యత తీసుకున్న సమయం, వదిలేసిన సమయం రెండూ రికార్డులో ఉండాలి. చాలా చోట్ల రెండోది ఉండదు. సాయంత్రం ఇంటికి వెళ్లే తొందరలో మర్చిపోతాం.

తర్వాత ఫ్రిజ్ దగ్గరికి నడిచారు.

ఫ్రిజ్ సంగతి వివరంగా చెప్తాను, ఎందుకంటే నాకు పాఠం అక్కడే మొదలైంది. మందుల ఫ్రిజ్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలని మీకందరికీ తెలుసు. థర్మామీటర్ మూడు అంకెలు చూపిస్తుంది: ఇప్పుడు ఎంత, పోయినసారి రీసెట్ చేసినప్పటి నుంచి అతి తక్కువ ఎంత, అతి ఎక్కువ ఎంత. రోజూ మూడూ రాసుకుని, బటన్ నొక్కి రీసెట్ చేయాలి. మా ఫ్రిజ్ తలుపుకి కాగితం అంటించి ఉంది. రెండు నెలలుగా ప్రతి రోజూ నిండి ఉంది, ఒక్క గడి కూడా ఖాళీ లేదు. ఇప్పుడు 4, తక్కువ 3, ఎక్కువ 5. మర్నాడు 4, 3, 5. ఆ మర్నాడూ అంతే. ఒకే పెన్ను, ఒకే చేతిరాత. ఆదివారం షాపు మూసి ఉంటుంది, ఆ రోజు కూడా 4, 3, 5.

ఆవిడ ఏమీ అనలేదు. థర్మామీటర్ మీద బటన్ నొక్కారు. ఎక్కువ: 11.4.

నా గుండె గుభేలుమంది. ఎప్పుడు 11.4 అయింది? ఎంతసేపు ఉంది? చెప్పగలిగినవాళ్లు షాపులో ఒక్కరు లేరు. ఎవరో స్టాక్ సర్దుతూ తలుపు పది నిమిషాలు తెరిచి ఉంచి ఉండొచ్చు. రాత్రి కరెంటు పోయి ఉండొచ్చు. లోపల ఇన్సులిన్ ఉంది, కంటి చుక్కలు ఉన్నాయి, ఫ్లూ టీకాలు ఉన్నాయి. రెండు నెలల కాకిలెక్కలు తలుపు మీద వేలాడుతున్నాయి, లోపల ఉన్న మందు పనిచేస్తుందో లేదో మాకు తెలియదు. ఆ రాతలు లేకపోయినా అంత నష్టం ఉండేది కాదేమో, ఎవరో ఒకరికి అనుమానమైనా వచ్చేది.

ఇక్కడొక మాట. వేడి గురించి అందరూ భయపడతారు గానీ, గడ్డకట్టడం అంతకన్నా మోసం. ఇన్సులిన్ ఒకసారి గడ్డకట్టిందంటే మళ్లీ కరిగినా వాడకూడదు. అల్యూమినియం లవణం కలిపిన టీకాలు గడ్డకడితే శక్తి పోతుంది. సీసా చూస్తే కొన్నిసార్లు ఏ తేడా కనిపించదు. అందుకే ఫ్రిజ్‌లో వెనక గోడకి ఆనించి పెట్టొద్దంటారు. అంకె హద్దు దాటిందని తెలిస్తే మందు పారేయక్కర్లేదు, అమ్మకూడదు కూడా. పక్కన పెట్టి, "వాడొద్దు" అని రాసి, తయారీ కంపెనీలకి ఫోన్ చేసి, ఎంత ఉష్ణోగ్రత, ఎంతసేపు అని చెప్పి అడగాలి. ఎంతసేపు అన్నదే మాకు తెలియదు కదా! కొంత స్టాక్ పారేయాల్సి వచ్చింది. ఆ సాయంత్రం ఇన్సులిన్ కోసం వచ్చినవాళ్లని వేరే ఫార్మసీకి పంపించాల్సి వచ్చినప్పుడు నాకు కలిగిన బాధ ఇప్పటికీ పోలేదు.

తర్వాత ఆవిడ అడిగింది నియర్ మిస్ పుస్తకం. కొత్తవాళ్ల కోసం చెప్తాను. మందు తీసేటప్పుడు జరిగిన పొరపాటు రోగి చేతికి చేరకముందే చివరి చెకింగ్‌లో దొరికితే అది నియర్ మిస్. చేతికి చేరాక తెలిస్తే డిస్పెన్సింగ్ ఎర్రర్. మొదటిదాన్ని ఎప్పటికప్పుడు రాసుకోవాలి: ఏ మందు, ఏ పొరపాటు, ఎందుకు జరిగి ఉంటుంది, ఏం మార్చాం. మా పుస్తకంలో చివరి నమోదు ఏడు నెలల కిందటిది.

"నెలకి ఎన్ని ఐటమ్స్ ఇస్తారు?" అన్నారు.

"ఏడు వేల దాకా" అన్నాను.

"అంటే ఏడు నెలల్లో దాదాపు 50 వేలు. ఒక్క పొరపాటు కూడా జరగలేదా?"

నీళ్లు నమిలాను. జరిగాయి. ఆ ముందు రోజే నేను బీపీ మందు అమ్లోడిపిన్ బదులు డిప్రెషన్‌కి, నరాల నొప్పికి ఇచ్చే అమిట్రిప్టిలిన్ పెట్టి ఉండటం చూసి, నేనే మార్చేసి, పక్కన పెట్టేశాను. తీసినమ్మాయికి కూడా చెప్పలేదు. చెప్తే నొచ్చుకుంటుందనుకున్నాను. అది దయ అనుకున్నాను. రెండు పెట్టెలూ ఒకే అరలో, పక్కపక్కనే, ఒకేలాంటి రంగులో ఉన్నాయి. మార్చాల్సింది ఆ అర. నేను పెట్టె మార్చాను, అర అలాగే ఉంది. రేపు నేను లేని రోజున ఇంకో ఫార్మసిస్టు కళ్లు అలిసిపోయి ఉంటే?

ఖాళీ పుస్తకం అంటే తప్పులు జరగని షాపు కాదు, తప్పు గురించి ఎవరూ ఎవరితోనూ మాట్లాడని షాపు. ఈ సాయంత్రం నేను మీ ముందుకొచ్చింది ముఖ్యంగా ఈ మాట చెప్పడానికే.

మన ప్రమాణాల్లో ఇది రాసే ఉంది. రిజిస్టర్డ్ ఫార్మసీల ప్రమాణాలు 2012లో వచ్చాయి, 2018లో సవరించారు. ఐదు సూత్రాలు, వాటి కింద 26 ప్రమాణాలు. పాలన, సిబ్బంది, ప్రాంగణం, సేవలు-మందుల నిర్వహణ, పరికరాలు. వాటిని బట్టీ పట్టొద్దు, ఒకసారి నింపాదిగా చదవండి. సిబ్బంది గురించిన రెండో సూత్రంలో 2.4 అని ఒకటి ఉంది: దాపరికం లేకుండా, నిజాయితీగా, పొరపాట్ల నుంచి నేర్చుకునే వాతావరణం ఉండాలని. మొదటిసారి చదివినప్పుడు అది మంచిమాటలా అనిపించి దాటేశాను. ఆ మంగళవారం తర్వాత, మిగతా 25 ప్రమాణాలూ దాని మీదే నిలబడి ఉన్నాయని అర్థమైంది.

అయితే మనవాళ్లు ఎందుకు దాచారు? ఊరికే దాచలేదు. దానికో చరిత్ర ఉంది.

2007లో ఇంగ్లండులో ఒక ఫార్మసిస్టు ప్రెడ్నిసోలోన్ (స్టెరాయిడ్) ఇవ్వాల్సిన చోట ప్రొప్రనోలోల్ (గుండె, బీపీ మందు) ఇచ్చారు. రెండు పేర్లూ 'పీఆర్'తో మొదలవుతాయి, అరల్లో పక్కపక్కనే ఉంటాయి. మందు తీసుకున్న పెద్దావిడ తర్వాత చనిపోయారు. ఆ మందే చావుకి కారణమని కోర్టులో తేలలేదు. అయినా 2009లో ఆ ఫార్మసిస్టుకి మూడు నెలల జైలుశిక్ష వేసి, దాన్ని సస్పెండ్ చేశారు. 2010లో అప్పీలు కోర్టు ఆ తీర్పుని కొట్టేసి, చిన్న నేరం కింద 300 పౌండ్ల జరిమానాతో సరిపెట్టింది. కానీ ఈలోపు దేశంలో ప్రతి డిస్పెన్సరీలో భయం పాకిపోయింది. 1968 నాటి మందుల చట్టం ప్రకారం కావాలని చేయకపోయినా, పొరపాటున తప్పు మందు ఇవ్వడమే క్రిమినల్ నేరం. అలాంటప్పుడు తన పొరపాటుని తన చేత్తో రాసి సంతకం ఎవరు పెడతారు?

ఇది మారడానికి 2018 దాకా పట్టింది. ఆ ఏడాది ఏప్రిల్లో వచ్చిన ఉత్తర్వుతో, రిజిస్టర్డ్ ఫార్మసీలో వృత్తిధర్మంగా పని చేస్తూ జరిగిన పొరపాటుకి చట్టంలో ఒక రక్షణ ఏర్పడింది. దానికో షరతు ఉంది, గమనించండి: తప్పు జరిగిందని తెలిసిన వెంటనే రోగికి తెలియజేసే ప్రయత్నం చేసి ఉండాలి. అంటే దాచినవాళ్లని ఆ చట్టం కాపాడదు, చెప్పినవాళ్లని కాపాడుతుంది. నా దృష్టిలో ఈ దేశపు ఫార్మసీ చట్టాల్లో ఇంత మంచి ఆలోచన ఇంకోటి లేదు.

ఇప్పుడు ఇంకో వైపు చూద్దాం. నమ్మకం సరే, అన్నింటినీ నమ్మేయమని కాదు.

హెరాల్డ్ షిప్‌మన్ పేరు మీరు వినే ఉంటారు. మాంచెస్టర్ దగ్గర హైడ్ అనే ఊళ్లో జీపీ, అంటే ఫ్యామిలీ డాక్టరు. 2000లో 15 హత్యలకి శిక్ష పడింది. ఆ తర్వాత న్యాయమూర్తి జానెట్ స్మిత్ నడిపిన విచారణలో మృతుల సంఖ్య 215 అని తేలింది. ఆయుధం డయామార్ఫిన్, అంటే వైద్యంలో నొప్పికి వాడే హెరాయిన్. అది ఆకాశంలోంచి ఊడిపడలేదు. చాలాసార్లు రోగుల పేరు మీద ప్రిస్క్రిప్షన్ రాసి, తనే ఫార్మసీకి వెళ్లి తీసుకున్నాడు. పేరున్న డాక్టరు, నవ్వుతూ పలకరించే మనిషి. ఇవ్వనని ఎవరంటారు? 2004లో వచ్చిన ఆ విచారణ నాలుగో నివేదిక మొత్తం కంట్రోల్డ్ డ్రగ్స్, అంటే దుర్వినియోగం కాకుండా చట్టం ప్రత్యేకంగా కట్టడి చేసిన మందుల మీదే. మన రిజిస్టర్లో ఈరోజు "ఎవరు తీసుకెళ్లారు? గుర్తింపు అడిగారా? చూపించారా?" అనే గడులు ఉన్నాయి చూడండి, అవి అక్కడి నుంచి వచ్చినవే. ఆ గడి నింపడానికి బద్ధకం వేసినప్పుడల్లా నేను హైడ్‌లోని ఆ ముసలివాళ్లని గుర్తు చేసుకుంటాను.

కంట్రోల్డ్ డ్రగ్స్ బీరువా తనిఖీ ఎలా ఉంటుందంటే: ఇన్‌స్పెక్టర్ ఏదో ఒక మందు చూపిస్తారు, మార్ఫిన్ పది మిల్లీగ్రాములు అనుకోండి. రిజిస్టర్లో నిల్వ ఎంతో చదువుతారు. మీరు వాళ్ల ముందే లెక్కపెడతారు. అంకె కలవాలి. మెథడోన్ (హెరాయిన్ అలవాటు మాన్పించడానికి ఇచ్చే మందు) ద్రావణం దగ్గర అంకె కొద్దిగా తేడా రావడం సహజం, కంపెనీలు సీసాలో కాస్త ఎక్కువే పోస్తాయి. ఆ ఎక్కువని కొలిచి రిజిస్టర్లో రాసుకోవాలి, వదిలేయకూడదు. గడువు తీరిన స్టాక్ని, రోగులు తిరిగి తెచ్చిచ్చినవాటిని వేరుగా కట్టి, మీద స్పష్టంగా రాసి పెట్టాలి. గడువు తీరిన షెడ్యూల్ 2 మందుని (మార్ఫిన్ లాంటి గట్టి కట్టడి ఉన్నవాటిని) మీ అంతట మీరు నాశనం చేయడానికి లేదు, అధీకృత సాక్షి ఉండాలి. మా షాపులో ఇది బాగానే ఉంది. దాని గురించి ఆవిడ మెచ్చుకున్నారు కూడా.

కానీ రోగులు వచ్చి తీసుకెళ్లాల్సిన మందుల సంచుల అర దగ్గర దొరికిపోయాం. ప్రీగాబాలిన్ (నరాల నొప్పికి, మూర్ఛకి ఇచ్చే మందు) సంచీ ఒకటి ఐదు వారాలుగా అక్కడే ఉంది. ఇదీ కంట్రోల్డ్ డ్రగ్గే, ఇలాంటివాటి ప్రిస్క్రిప్షన్ 28 రోజులే చెల్లుతుంది, ఆ తర్వాత ఇస్తే చట్టవిరుద్ధం. బీరువాలో పెట్టాల్సిన మందు కాదు కాబట్టి మామూలు సంచుల్లో కలిసిపోయింది. ఆ రోజు దాని యజమాని వచ్చి ఉంటే కౌంటర్ అమ్మాయి ఇచ్చేసేదే. సంచీ మీద ఒక రంగు స్టిక్కర్, దాని మీద చివరి తేదీ, ఇంతే కావాల్సింది.

ఆవిడ సిబ్బందితో ఒక్కొక్కరితో మాట్లాడారు, నన్ను పక్కకి వెళ్లమని. తర్వాత మావాళ్లు చెప్పారు. కౌంటర్ అమ్మాయిని, "కోడీన్ ఉన్న నొప్పి మాత్రలు ఒకే మనిషి వారంలో రెండోసారి అడిగితే ఏం చేస్తావు?" అన్నారట. ఆ అమ్మాయి చక్కగా చెప్పింది: మూడు రోజులకి మించి వాడకూడదని, అలవాటు పడే ప్రమాదం ఉందని, ఫార్మసిస్టుని పిలుస్తానని. ఫార్మసిస్టు లేనప్పుడు ఏవి అమ్మకూడదో కూడా చెప్పింది. ఆ అమ్మాయి ఎప్పుడూ నాతో ఒక్క సందేహం కూడా అడగదు, తెలియదేమో అనుకునేదాన్ని. తెలుసు. అడిగే చనువు నేను ఇవ్వలేదు.

టార్గెట్ల గురించి కూడా ఒక మాట. 2.6 అని ఇంకో ప్రమాణం ఉంది: ప్రోత్సాహకాలు, లక్ష్యాలు రోగి క్షేమానికీ, వృత్తిపరమైన నిర్ణయానికీ అడ్డు రాకూడదని. దాన్ని పోరాడి తెచ్చుకున్నట్టే చూడండి. ఇక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్‌లో మెడిసిన్స్ యూజ్ రివ్యూ అని, రోగితో కూర్చుని మందులు ఎలా వాడుతున్నారో మాట్లాడే ఒక సేవ ఉండేది, 2021లో ఆగిపోయింది. ఒక ఫార్మసీ ఏడాదికి 400 దాకా చేయొచ్చని హద్దు. ఆ హద్దునే చాలా చోట్ల లక్ష్యంగా మార్చేశారు. అవసరం ఉన్న మనిషితో అరగంట కూర్చోవాల్సింది పోయి, అవసరం లేనివాళ్లతో ఐదు నిమిషాలు. రేపు మీ పైవాళ్లు అలా ఒత్తిడి పెడితే, ఇన్‌స్పెక్టర్ అడిగినప్పుడు ఆ సంగతి దాచకండి. అది ఫిర్యాదు చేయడం కాదు, ప్రమాణం మీ చేతికిచ్చిన హక్కు.

ప్రాంగణం, పరికరాల గురించి ఎక్కువ చెప్పను, మీకు తెలిసినవే. కన్సల్టేషన్ గదిలో ఎవరూ లేనప్పుడు తాళం వేయండి, అందులో సూదులు, రోగుల కాగితాలు ఉంటాయి. సంచుల మీద పేర్లు బయటివాళ్లకి కనిపించకూడదు. మెథడోన్‌కి కొలత గ్లాసు వేరే ఉంచండి. మూర్ఛ మందు వాల్‌ప్రోయేట్ విషయం మాత్రం మర్చిపోవద్దు: 2023 అక్టోబరు నుంచి తయారీదారు ఇచ్చిన పూర్తి ప్యాకెట్‌లోనే ఇవ్వాలి. కడుపులో బిడ్డకి హాని చేసే మందు అది, హెచ్చరిక ఆ పెట్టె మీదే ఉంది. లేబుల్‌ని తీసుకెళ్లి సరిగ్గా ఆ హెచ్చరిక మీదే అంటించేవాళ్లని చూశాను. దయచేసి అలా చేయకండి.

మా నివేదిక వచ్చింది. "ప్రమాణాలన్నీ పూర్తిగా అందుకోలేదు" అని. ఫ్రిజ్, పొరపాట్ల నమోదు, ఈ రెండింటి వల్ల. ఏం చేస్తామో, ఎప్పటిలోగా చేస్తామో రాసి ఇవ్వమన్నారు. ఎస్‌ఓపీ మళ్లీ చదివి సంతకాలు పెట్టిస్తాం అని రాయబోతుంటే, మా టెక్నీషియన్ ఆపింది. పదిహేనేళ్లుగా ఆ షాపులో పనిచేస్తున్న మనిషి. "సంతకాలు ఇప్పటికే ఉన్నాయి కదండీ" అంది. అది విన్నాక ప్లాన్ మొత్తం చించేసి మళ్లీ రాశాం. ఫ్రిజ్ కాగితంలో ఆదివారం గడి కొట్టేశాం. రీసెట్ చేశామా అని వేరే గడి పెట్టాం. హద్దు దాటిన రోజున ఏం చేశామో రాయడానికి ఖాళీ వదిలాం.

నియర్ మిస్ పుస్తకంలో మొదటి నమోదు నేనే రాశాను, నా చెకింగ్‌లో నేను దాదాపు వదిలేసిన పొరపాటు. నా ఇనిషియల్స్ పెట్టి, అందరికీ చదివి వినిపించాను. రెండు రోజులు ఎవరూ ఏమీ రాయలేదు. మూడో రోజు సాయంత్రం కౌంటర్ అమ్మాయి వచ్చి, "నేను ఇవాళ ఒకావిడకి వేరే వాళ్ల సంచీ ఇవ్వబోయాను, తలుపు దగ్గర ఆపాను. అది కూడా రాయొచ్చా?" అని అడిగింది. పెన్ను ఇచ్చాను. ఆ నెలాఖరుకి 23 నమోదులయ్యాయి. అమ్లోడిపిన్, అమిట్రిప్టిలిన్ వేర్వేరు అరల్లోకి వెళ్లాయి.

ఆరు నెలలకి ఆవిడే మళ్లీ వచ్చారు. ఈసారి ఆ పుస్తకం చదవడానికే ఎక్కువసేపు కూర్చున్నారు.

నాతో ఒక మినిమమ్-మ్యాక్సిమమ్ థర్మామీటర్, నింపని కంట్రోల్డ్ డ్రగ్స్ రిజిస్టర్ ఒకటి, ఖాళీ నియర్ మిస్ పుస్తకం తెచ్చాను. ఆ బల్ల మీద ఉన్నాయి. రండి, ముందు థర్మామీటర్ రీసెట్ చేయడం ఎంతమందికి వచ్చో చూద్దాం.